చేనేత దుస్తుల బ్రాండ్‌లో నాణ్యత తనిఖీ, రిటర్న్‌ల నిర్వహణ

మంగళగిరి తానులు తెచ్చి కుర్తాలు కుట్టించేవారు, పెడన కలంకారీతో చొక్కాలు చేయించేవారు, పోచంపల్లి ఇక్కత్‌తో పిల్లల దుస్తులు తయారుచేసేవారు నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. సరుకును సొంత వెబ్‌సైట్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో, పెద్ద ఆన్‌లైన్ అంగళ్లలోనో అమ్మే ఇటువంటి చిన్న బ్రాండ్లకు అమ్మకం దొరకడం ఒక కష్టమైతే, అమ్మినది తిరిగి రావడం అంతకంటే పెద్ద కష్టం. పదిహేను వందల రూపాయల కుర్తా వెనక్కి వచ్చిందంటే రానుపోను కొరియర్ ఖర్చు, మళ్లీ ఇస్త్రీ, మళ్లీ ప్యాకింగ్ కలిసి లాభం పోగా, చాలాసార్లు ఆ పీసును కొత్తదని చెప్పి అమ్మే వీలు కూడా మిగలదు. పైగా పర్యావరణానికి మేలు చేసే దుస్తులని చెప్పుకునే బ్రాండ్ సరుకు ఒకే కొనుగోలుకు రెండుసార్లు లారీ ఎక్కితే, ఆ మాటకు ఉన్న విలువ అక్కడే తగ్గిపోతుంది.

రిటర్న్ విధానాన్ని ఎంత కఠినంగా రాసుకుంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి రిటర్న్ వస్తుందా రాదా అన్నది చాలావరకు పార్సిల్ గడప దాటకముందే తేలిపోతుంది. బట్ట తాను కొన్నప్పుడు, కత్తెర పెట్టకముందు ఉతికి చూసినప్పుడు, వెబ్‌సైట్‌లో వివరం రాసినప్పుడు తీసుకున్న నిర్ణయాలే దాన్ని తేలుస్తాయి. అందుకే ఈ వ్యాసంలో రిటర్న్ షరతుల కంటే ముందు జరగాల్సిన పనులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

లక్షణమేది, లోపమేది

కొనుగోలుదారు ఫిర్యాదు చేసినప్పుడు "చేనేత అంటే ఇంతేనండి" అని చెప్పి తప్పించుకోవడం ఈ వ్యాపారంలో అందరికీ అలవాటైన జవాబు. కొన్నిసార్లు అది నిజమే. అయితే అదే జవాబును లోపానికి కూడా వాడితే నష్టపోయేది బ్రాండ్ ఒక్కటే కాదు, నేతగాడి పేరు కూడా. కాబట్టి మొదటి ఆర్డర్ ఇచ్చేముందే ఏది లక్షణం, ఏది లోపం అన్నది వస్త్రం వారీగా రాసిపెట్టుకోవాలి. అన్ని వస్త్రాలకూ కలిపి ఒకే జాబితా రాస్తే పనికిరాదు.

ఉదాహరణకు దారంలో అక్కడక్కడా కనిపించే లావు చోట్లను తీసుకోండి. పొందూరు ఖాదీలో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో దారం వడుకుతారు. అందులో దారం మందం కొద్దిగా మారడం దాని స్వభావం, దానికే జనం డబ్బు పెడతారు. మిల్లు నూలుతో నేసే మంగళగిరి 80 కౌంట్ (నూలు సన్నదనాన్ని చెప్పే సంఖ్య) వస్త్రంలో అదే లావు దారం గజం గజానికీ కనిపిస్తే అది నూలులోని లోపం, దాని గురించి నూలు ఇచ్చినవారిని అడగాలి. పోచంపల్లి ఇక్కత్‌లో పడుగు (నిలువు), పేక (అడ్డం) దారాలకు ముందే కట్లు కట్టి రంగు వేస్తారు కనుక బొమ్మ అంచులు ఈకల్లా చెదిరి కనిపించడం సహజం. బొమ్మ సగం ఒక పక్కకు జరిగిపోయి పక్క గడిని తాకితే అది సహజం కాదు. పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీలో రెండు అచ్చులు కలిసే చోట సన్నని గీత పడుతుంది, దాన్ని ఒప్పుకోవాలి. అదే అచ్చు కదిలి పువ్వు రెండుగా పడితే మాత్రం ఒప్పుకోకూడదు.

ఎక్కడ నేసినా లోపాలుగానే లెక్కించాల్సినవి కొన్ని ఉన్నాయి. తెగిన పడుగు దారాన్ని అతకకుండా వదిలేయడం వల్ల నిలువునా పడే సందు, పేక దాటి వేలాడే దారాలు, నూనె మరకలు, మగ్గం ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట అడ్డంగా కనిపించే పలచని పట్టీ, చిరుగు, ఒకే తానులో రెండు రంగు లాట్‌లు, అంటే వేర్వేరుసార్లు అద్దిన నూలు, కలవడం ఇందులోకి వస్తాయి. వెడల్పు నిలవడానికి మగ్గం మీద పెట్టే బద్ద మొనలు అంచుల్లో చేసే చిన్న రంధ్రాలను చీరలోనైతే లక్షణంగా చూడవచ్చు గాని, కుర్తా కత్తిరించేటప్పుడు ఆ అంచును వాడకూడదు.

రాసిన జాబితా ఒక్కటే సరిపోదు. ప్రతి వస్త్రానికీ మూడు నాలుగు జానెడు ముక్కలను అట్ట మీద అంటించి, "ఇంతవరకు సరే", "ఇది కుదరదు" అని వాటి పక్కనే రాసి, ఒక అట్ట మీ దగ్గర, అదే రకం అట్ట మరొకటి మాస్టర్ వీవర్ (నేతగాళ్లకు పని ఇచ్చి నేయించేవారు) దగ్గర ఉంచాలి. ఫోన్‌లో "కొంచెం పలచగా ఉంది" అన్న మాటకు ఇద్దరు రెండు అర్థాలు తీస్తారు. అట్ట మీది ముక్కను చూపించి మాట్లాడితే ఆ గొడవ ఉండదు. ముందుగా చెప్పని లోపానికి కూలి కోయకూడదన్న నియమం కూడా ఇక్కడే పెట్టుకోవాలి. న్యాయం కోసం మాత్రమే కాదు. చెప్పకుండా కోసే బ్రాండ్‌కు మంచి నేతగాళ్లు రెండో ఆర్డర్ నేయరు.

తాను చేతికి వచ్చినప్పుడు

ఆర్డర్ కాగితంలో నూలు కౌంట్, అంగుళానికి పడుగు దారాలు, పేక దారాలు, ఉతికిన తర్వాత ఉండాల్సిన వెడల్పు, రంగు లాట్ సంఖ్య స్పష్టంగా ఉండాలి. తాను రాగానే దారాలు లెక్కించే చిన్న భూతద్దంతో మూడు చోట్ల, అంటే మొదట్లో, మధ్యలో, చివర్లో పేక లెక్కించాలి. చివరి రెండు మీటర్లలో పేక పలచబడడం తరచుగా కనిపించే విషయం, కనుక మొదటి కొస మాత్రమే చూసి తృప్తిపడకూడదు.

బరువు తెలుసుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు గల ముక్కను కచ్చితంగా కత్తిరించి, బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద పెట్టి, వచ్చిన గ్రాములను వందతో గుణిస్తే చదరపు మీటరు బరువు, అంటే జీఎస్ఎమ్ వస్తుంది. 1.12 గ్రాములు చూపిస్తే అది 112 జీఎస్ఎమ్. ఈ ముక్కను తాను మధ్యలోంచి తీయలేరు కనుక ఆర్డర్‌లోనే పావు మీటరు అదనంగా అడగడం మంచిది.

తర్వాత తానును కిటికీకి అడ్డంగా, వెలుతురు వెనకనుంచి పడేటట్టు ఒక కర్ర మీద వేసి మెల్లగా లాగుతూ చూడాలి. వస్త్ర పరిశ్రమలో వాడే నాలుగు పాయింట్ల పద్ధతి చేనేతకు కూడా పనికొస్తుంది: లోపం మూడు అంగుళాల వరకు ఉంటే 1 పాయింటు, మూడు నుంచి ఆరు అంగుళాల వరకు 2, ఆరు నుంచి తొమ్మిది వరకు 3, అంతకు మించితే 4. మిల్లు బట్టకు సాధారణంగా 100 చదరపు గజాలకు 40 పాయింట్లు హద్దుగా పెట్టుకుంటారు. 46 అంగుళాల వెడల్పు, 20 మీటర్ల పొడవు ఉన్న తాను విస్తీర్ణం దాదాపు 28 చదరపు గజాలు; అందులో 8 పాయింట్లు వస్తే వంద గజాలకు సుమారు 29 పడుతుంది. చేనేతకు హద్దు ఎంత పెట్టుకోవాలన్నది మీ ఇష్టం, కాని ఒకసారి పెట్టుకున్న హద్దును సరుకు తక్కువైనప్పుడు సడలించడం, ఎక్కువైనప్పుడు బిగించడం మాత్రం చేయకూడదు. లోపం ఉన్నచోట అంచుకు రంగు దారం కట్టి వదిలితే, కటింగ్ మాస్టర్ ఆ భాగాన్ని తప్పించి కత్తిరిస్తాడు. తాను మొత్తం తిప్పి పంపాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

ఉతికి చూడకుండా కత్తిరించకూడదు

మగ్గం మీద పడుగు బిగువుగా ఉంటుంది, నూలుకు గంజి ఉంటుంది. మొదటి ఉతుకులో గంజి వదిలి, బిగువు సడలి, వస్త్రం కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుపోతుందన్నది వస్త్రాన్ని బట్టి మారుతుంది కనుక ప్రతి లాట్‌కూ విడిగా కొలవాలి. అర మీటరు కంటే కొంచెం పెద్ద ముక్క తీసుకుని, చెరగని ఇంకుతో పడుగు వైపు 50 సెంటీమీటర్లు, పేక వైపు 50 సెంటీమీటర్లు గుర్తు పెట్టి, మీ కొనుగోలుదారు ఇంట్లో ఎలా ఉతుకుతారో అలాగే, అంటే ఒకసారి చేత్తో, మరో ముక్కను వాషింగ్ మెషిన్‌లో ఉతికి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవాలి. గుర్తుల మధ్య 47.5 సెంటీమీటర్లు మిగిలితే అది 5 శాతం.

5 శాతం చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గాని, 40 అంగుళాల ఛాతీ చుట్టుకొలత గల కుర్తా ఉతికాక 38 అవుతుంది. అంటే ఒక సైజు తగ్గిపోయినట్టే. కొన్నప్పుడు సరిపోయి, మొదటి ఉతుకు తర్వాత బిగుతైన ఈ కుర్తా గురించి వచ్చే ఫిర్యాదుకు సమాధానం చెప్పడం చాలా కష్టం, ఎందుకంటే అప్పటికి రిటర్న్ గడువు దాటి ఉంటుంది, ఉతికిన దాన్ని వెనక్కి తీసుకోబోమని విధానంలో రాసి ఉంటుంది, తప్పు మాత్రం మీదే. అందువల్ల 3 శాతం దాటిన ఏ లాట్‌నైనా కత్తిరించకముందే పూర్తిగా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాతే కటింగ్ బల్ల మీద పెట్టాలన్నది నేను గట్టిగా చెప్పే మాట. దీనికి నీరు, రెండు రోజుల సమయం ఖర్చవుతాయి, నిజమే. ఒక్క రిటర్న్ ఖర్చుతో పోల్చి చూసుకోండి.

రంగు విషయంలో దాచకూడనివి

సహజ రంగుల్లో ఒక్కోదానికి ఒక్కో బలహీనత ఉంటుంది, దాన్ని తెలుసుకుని అమ్మాలి. నీలిమందు రంగు చాలాభాగం దారం పైపొరల్లోనే నిలిచి ఉంటుంది కనుక కొత్త వస్త్రం రాపిడికి నీలాన్ని వదులుతుంది. తెల్ల సోఫా మీద కూర్చున్నవారి నుంచి ఫోన్ వచ్చేది ఇందువల్లే. పసుపుతో వేసిన రంగు ఎండకు త్వరగా వెలుస్తుంది, సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టి తీసే కసిమి నలుపులో ఇనుము పాలు ఎక్కువైతే కాలం గడిచేకొద్దీ ఆ నల్లని భాగంలోనే బట్ట బలహీనపడి చిరుగుతుంది. నిమ్మరసం వంటి పులుపు తగిలితే ఆ నలుపు పాలిపోతుంది. కరక్కాయ నీటిలో నానబెట్టిన కలంకారీకి లేత పసుపు ఛాయ ఉండి, ఒకటి రెండు ఉతుకుల్లో అది తగ్గుతుంది. శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో గీసే ముందు బట్టను కరక్కాయతో పాటు పాలలో కూడా నానబెడతారు కనుక కొత్త వస్త్రానికి ఒక వాసన ఉంటుంది. ఈ చివరి రెండింటినీ ముందే చెప్పకపోతే "రంగు పోయింది", "వాసన వస్తోంది" అనే రెండు కారణాల కింద రిటర్న్‌లు రావడం ఖాయం.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు మూడు. మొదటిది రాపిడి పరీక్ష: తెల్లని మెత్తని నూలు గుడ్డను వేలికి చుట్టి, వస్త్రం మీద ఒకే బలంతో పదిసార్లు రుద్ది, పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి చూడాలి. రెండోది ఉతుకు పరీక్ష: వస్త్రం ముక్కకు అదే కొలత తెల్ల నూలు గుడ్డను కుట్టి, గోరువెచ్చని నీటిలో కుంకుడు రసంతో ఒకటి, మామూలు డిటర్జెంట్‌తో ఒకటి అరగంట ఉంచి, తెల్లగుడ్డకు ఎంత రంగు పట్టిందో చూడాలి. మూడోది ఎండ పరీక్ష: ముక్కలో సగాన్ని దళసరి అట్టతో కప్పి, ఎండ పడే కిటికీలో రెండు మూడు వారాలు ఉంచి, అట్ట తీసి రెండు సగాలను పక్కపక్కన చూడాలి. ముక్కలన్నిటినీ తేదీ, లాట్ సంఖ్యతో ఫైలులో దాచాలి. ఆరు నెలల తర్వాత వచ్చే ఫిర్యాదుకు ఆ ఫైలే సాక్ష్యం.

అమ్మకం పెరిగాక ప్రయోగశాల నివేదిక తీసుకోవడం అవసరం. టెక్స్‌టైల్స్ కమిటీ ప్రయోగశాలలు, కోయంబత్తూరులోని వస్త్ర పరిశోధన సంస్థ సిట్రా వంటివి ఈ పరీక్షలు చేస్తాయి. రంగు నిలకడకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉతుకుకు ఐఎస్ఓ 105-సీ10, రాపిడికి ఐఎస్ఓ 105-ఎక్స్12, వెలుతురుకు ఐఎస్ఓ 105-బీ02, చెమటకు ఐఎస్ఓ 105-ఈ04 అని అడగాలి. మొదటి రెండింటికీ, చెమటకూ 1 నుంచి 5 వరకు, వెలుతురుకు 1 నుంచి 8 వరకు మార్కులు ఉంటాయి. పెద్ద సంఖ్య మేలు. నీలిమందు తడి రాపిడిలో 2, 3 మధ్యనే ఆగిపోవడం మామూలు. ఆ సంఖ్యను చూసి కంగారుపడి రసాయన రంగుకు మారాల్సిన పని లేదు గాని, ఆ విషయం కొనేవారికి తెలియాలి. మరీ తక్కువ వస్తే మాత్రం అద్దకంవారితో మాట్లాడి, ఒకే ముంపులో ముదురు రంగు తేవడానికి బదులు పలచని తొట్టిలో ఎక్కువ ముంపులు వేయించి, చివర్లో బాగా కడిగించాలి.

కుట్టు

పలచని చేనేతలో కుట్టు దగ్గర దారాలు జరిగి సందు ఏర్పడడం పెద్ద సమస్య. చంకలు, పిరుదుల దగ్గర ఇది ముందుగా కనిపిస్తుంది. అక్కడ అంగుళానికి పది, పన్నెండు కుట్లు వేయించి, కోసిన అంచు కనబడకుండా లోపలికి మడిచే కుట్టు వేయించాలి. కాలరు లోపలి అతుకు బట్టను కూడా ముందు ఉతికి వాడకపోతే, ఉతికాక కాలరు బుడగలు తేలుతుంది.

మన దర్జీలు మొదటినుంచీ చేసే ఒక పనిని రెడీమేడ్ పద్ధతి మరచిపోయేలా చేసింది: పక్క కుట్లలో లోపల మార్జిన్ వదలడం. రెండు వైపులా ముప్పావు అంగుళం మార్జిన్ వదిలితే, బిగుతైన కుర్తాను కొన్నవారు తమ వీధి దర్జీ దగ్గరే వదులు చేయించుకోవచ్చు. బట్ట కాస్త ఎక్కువ పడుతుంది, అయితే సైజు కారణంగా తిరిగివచ్చే పార్సిళ్లను తగ్గించడానికి ఇంతకంటే చవకైన ఉపాయం నాకు కనిపించలేదు. "లోపల మార్జిన్ ఉంది, ఒక సైజు వదులు చేయించుకోవచ్చు, కుట్టు కూలి బిల్లు పంపితే వంద రూపాయల వరకు మేమిస్తాం" అని పార్సిల్‌లో చీటీ పెట్టడం మరీ మంచిది.

కుట్టిన తర్వాత చిన్న బ్రాండ్ ప్రతి పీసునూ చూడాలి. ఒకే డిజైన్‌లో మూడు వందలు, నాలుగు వందలు కుట్టించే స్థాయికి వచ్చాక, పరిశ్రమలో వాడే నమూనా పద్ధతి ప్రకారం 281 నుంచి 500 పీసుల లాట్‌లోంచి 50 తీసి చూసి, 2.5 ఏక్యూఎల్ (ఒప్పుకోగల లోపాల స్థాయి) హద్దుకు లోపాలున్నవి మూడు వరకు వస్తే లాట్‌ను ఒప్పుకుంటారు, నాలుగు వస్తే తిప్పి పంపుతారు. ఆ పద్ధతి యంత్రాల మీద ఒకే తీరున తయారైన సరుకుకు సరిపోతుంది. నలుగురు నేతగాళ్ల తానులు కలిసిన లాట్‌లో మాత్రం ఒక్కో నేతగాడి వస్త్రం నుంచి విడివిడిగా నమూనా తీయాలి.

అమ్మకపు పేజీలో రాయాల్సినవి

సైజు పట్టికలో "మీడియం, లార్జ్" అని రాసి శరీర కొలతలు ఇవ్వడం చాలదు. దుస్తును బల్ల మీద పరిచి తీసిన ఛాతీ, భుజం, పొడవు, చేతి చుట్టుకొలత ఇచ్చి, "మీకు బాగా సరిపోయే పాత కుర్తాను ఇలాగే పరిచి కొలిచి పోల్చుకోండి" అని రాయాలి. చేతికుట్టులో అర అంగుళం అటూ ఇటూ తేడా ఉంటుందని కూడా చెప్పాలి. ఫొటోను ఉదయపు నీడ వెలుతురులో తీసి, రంగు సరిగ్గా తెలియడానికి తెల్ల కాగితాన్ని పక్కన పెట్టి ఒకటి తీయాలి. బట్ట పలచదనం తెలియడానికి వెనక చెయ్యి పెట్టి ఇంకొకటి తీయాలి. లైనింగ్ లేని తెల్ల మంగళగిరి కుర్తాకు ఈ రెండో ఫొటో లేకపోతే రిటర్న్ వస్తుందని అనుకోవచ్చు.

లక్షణం, లోపం జాబితాలోని లక్షణాలను ఇక్కడ దగ్గరి ఫొటోతో పాటు చూపించాలి. "చేత్తో చేసినది కనుక తేడాలు ఉండవచ్చు" అన్న ఒక్క వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. "ఈ నీలిరంగు మొదటి మూడు నాలుగు ఉతుకుల్లో నీటిలోకి దిగుతుంది, తెల్లబట్టలతో కలిపి ఉతకవద్దు" అని రాస్తే చెప్పినట్టు. ఉతికే సూచనలను తెలుగులోనూ ముద్రించాలి; ఇంట్లో ఉతికేవారు చాలాసార్లు ఆర్డర్ పెట్టినవారు కారు.

"పర్యావరణ హితం", "నూరు శాతం సేంద్రియం" వంటి మాటలు ఊరికే రాయడానికి వీల్లేదు. పర్యావరణం పేరుతో తప్పుదోవ పట్టించే ప్రకటనలను అరికట్టేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అటువంటి మాటకు ఆధారం చూపాలి. సేంద్రియ వస్త్రాలకు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ అయిన గాట్స్ ముద్రలో కూడా రెండు స్థాయిలున్నాయి: "సేంద్రియం" అనడానికి కనీసం 95 శాతం, "సేంద్రియ నూలుతో చేసినది" అనడానికి కనీసం 70 శాతం సేంద్రియ పీచు ఉండాలి. చేతిలో ధ్రువపత్రం లేనివారు తాము నిజంగా చేసినదాన్నే, అంటే ఏ ఊళ్లో నేశారు, నూలు మిల్లుదా చేత్తో వడికినదా, రంగు దేనితో వేశారు అన్నదాన్ని సాదా మాటల్లో రాస్తే చాలు. అప్పుడు కొన్నవారు తాము ఊహించుకున్నదాన్ని బట్టి కాక, మీరు చెప్పినదాన్ని బట్టి సరుకును చూస్తారు.

రిటర్న్ విధానం

చట్టం ఏమంటుందో ముందు తెలుసుకోవాలి. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం సరుకు లోపభూయిష్టమైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవారు దాన్ని వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదు. రిటర్న్, రీఫండ్, ఎక్స్ఛేంజ్ వివరాలు కొనకముందే కనిపించాలి. ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే మార్గం పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. బిల్లు మీద గడువు రాయని పక్షంలో లోపమున్న సరుకును 30 రోజుల్లోపు తీసుకోకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వడం ఇప్పుడు కొనుగోలుదారులకు బాగా తెలుసు. కాబట్టి "ఒకసారి అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు" అన్న పాత రబ్బరు ముద్రను లోపాల విషయంలో మరచిపోవడమే మేలు.

విధానాన్ని కారణాన్ని బట్టి మూడుగా విడదీయాలి. తప్పు మనదైతే, అంటే లోపం, తప్పు సైజు, వేరే రంగు వంటివి అయితే, రానుపోను ఖర్చు మనమే భరించి, కొనుగోలుదారు కోరినట్టు కొత్త పీసో డబ్బో ఇవ్వాలి. ఉతికాక బయటపడిన లోపానికి కూడా ఇదే వర్తించాలి. సైజు సరిపోకపోతే ఒకసారి ఎక్స్ఛేంజ్‌ను ఉచితంగా ఇవ్వడం, డబ్బు వాపసు కోరితే కొరియర్ ఖర్చు మినహాయించడం న్యాయంగా ఉంటుంది. మనసు మారిందంటే మాత్రం తీసుకోవాలా వద్దా అన్నది మీ నిర్ణయం. తీసుకోకపోతే ఆ మాట కొనే బటన్ పక్కనే ఉండాలి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో కాదు. కొలతలిచ్చి కుట్టించుకున్నవి, ఫాల్ వేసిన చీరలు, జాకెట్టు ముక్క కత్తిరించినవి లోపమైతే తప్ప తీసుకోబోమని చెప్పవచ్చు.

పెళ్లిళ్ల కాలంలో చీర కట్టుకుని మర్నాడు వెనక్కి పంపేవారు కొందరుంటారు. కట్టుకుంటే దాచలేనంత పెద్ద ట్యాగును కొంగు దగ్గర కుట్టి, అది తీసేస్తే వెనక్కి తీసుకోబోమని చెబితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. దీనికోసం అందరినీ అనుమానిస్తూ, పార్సిల్ విప్పే వీడియో లేకపోతే ఏ ఫిర్యాదూ వినమనడం నాకు సరైన పద్ధతిగా తోచదు. లోపం స్పష్టంగా కనిపించే రెండు ఫొటోలు, ట్యాగు మీది లాట్ సంఖ్య అడిగితే చాలు. ప్యాక్ చేసేముందు ప్రతి పీసునూ మీరే ఫొటో తీసి ఆర్డర్ నంబరుతో దాచుకుంటే వాదన రాదు. డెలివరీ సమయంలో డబ్బు చెల్లించే ఆర్డర్లను పంపేముందు ఒకసారి ఫోన్ చేసి నిర్ధారించుకుంటే, తలుపు దగ్గరే తిప్పిపంపే పార్సిళ్లు తగ్గుతాయి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగువారికి పంపినవి తిరిగి రప్పించడం ఖర్చుకూ కుదరదు, విమానంలో ఇంకోసారి తిప్పడం మీరు చెప్పుకునే సిద్ధాంతానికీ కుదరదు. అక్కడివారికి కొంత మొత్తం వాపసు చేసి, సరుకును వారినే ఉంచుకోమనడమో తెలిసినవారికి ఇమ్మనడమో మేలు.

తిరిగివచ్చిన పీసును ఏం చేయాలి

వచ్చిన రోజే విప్పాలి. గడువు మీద గడువు పెట్టి ఆలస్యం చేస్తే కొనుగోలుదారు కోపం ఒకవైపు, మూటలో బూజు ఇంకోవైపు. మెడ లోపలి అంచు, చంకలు, చీరైతే కుచ్చిళ్ల చోటు చూస్తే వాడారో లేదో తెలుస్తుంది. పసుపు, కుంకుమ, గంధం మరకలు సహజ రంగు మీద పడితే పోగొట్టడం కష్టం, గట్టిగా రుద్దితే అసలు రంగే పోతుంది. సెంటు వాసన ఉంటే రెండు రోజులు గాలి తగిలే నీడలో ఆరేయాలి; మరో సెంటు చల్లి కప్పిపుచ్చకూడదు.

చూశాక పీసు నాలుగింటిలో ఒక దారి పట్టాలి: విప్పనిదైతే మళ్లీ కొత్త సరుకులోకి, చిన్న కుట్టు లోపమైతే దర్జీ దగ్గరకు, చిరుగైతే రఫూకు, మరకైతే నీలిమందులోనో కసిమిలోనో మళ్లీ ముంచి ముదురు రంగు వేయించడానికి. లేత రంగు కలంకారీ చొక్కా నీలి తొట్టిలో ఒకసారి మునిగి వచ్చాక వేరే డిజైన్‌గా అమ్ముడుపోవడం కూడా జరుగుతుంది. బాగుచేసినవాటిని, సెకండ్స్‌ను (చిన్న లోపం ఉన్నవాటిని) లోపం ఫొటోతో సహా తక్కువ ధరకు విడిగా అమ్మాలి, కొత్తవాటిలో కలపకూడదు. అమెరికాలోని పటగోనియా తన పాత దుస్తులను బాగుచేసి మళ్లీ అమ్ముతుంది, స్వీడన్‌లోని నూడీ జీన్స్ తన జీన్స్‌ను ఉచితంగా కుట్టి ఇస్తుంది; అంత పెద్ద ఏర్పాటు మనకు అక్కర్లేదు, వారానికి ఒక పూట వచ్చే మంచి దర్జీ ఉంటే సరిపోతుంది. అమ్ముడుపోని దుస్తులను, వెనక్కి వచ్చినవాటిని నాశనం చేయకుండా పెద్ద కంపెనీలను అడ్డుకునే ఐరోపా సమాఖ్య నిబంధనకు అమలు తేదీ 2026 జూలై 19 కనుక, అక్కడి పెద్ద కొనుగోలుదారులకు సరుకు ఎగుమతి చేసేవారిని తిరిగివచ్చిన సరుకు ఏమైందన్న లెక్కలు అడిగే రోజులు దగ్గరలోనే ఉన్నాయి.

లెక్కల పని మరచిపోకూడదు. డబ్బు వాపసు చేసినప్పుడు జీఎస్టీ కోసం క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇచ్చి, సరుకు అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30లోపు పన్ను రిటర్నుల్లో చూపాలి. కుట్టిన దుస్తులకు 2025 సెప్టెంబరు 22 నుంచి పీసుకు 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆపైన 18 శాతం పన్ను ఉంది కనుక, 2,400 కుర్తాకు బదులు 2,700 కుర్తా ఎక్స్ఛేంజ్ ఇచ్చేటప్పుడు ధరలోని తేడాతో పాటు పన్నులోని తేడా కూడా ముందే చెప్పాలి.

రిటర్న్ రిజిస్టర్

ఒక్క ఎక్సెల్ పేజీ చాలు. తేదీ, ఆర్డర్, డిజైన్, సైజు, వస్త్రం లాట్, నేసినవారు, అద్దినవారు, కుట్టినవారు, కొనుగోలుదారు సొంత మాటల్లో చెప్పిన కారణం, మీరు చూసి తేల్చిన కారణం అనే గడులుండాలి. చివరి రెండింటినీ విడిగా ఉంచడం ముఖ్యం. "బాలేదు" అని వచ్చిన పీసులో చాలాసార్లు కాలరు బిగుతు బయటపడుతుంది, "సైజు" అని వచ్చినదానిలో ఉతికి కుంచించుకుపోయిన బట్ట బయటపడుతుంది.

మొత్తం అమ్మకాల్లో రిటర్న్‌లు ఎంత శాతం అన్న ఒక్క అంకె దాదాపు ఏమీ చెప్పదు. నెలలో 200 అమ్మితే 10 తిరిగివచ్చాయంటే 5 శాతమే, నెమ్మదిగా ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ పదిలో ఏడు ఒకే లాట్ నుంచి వచ్చి, ఆ లాట్ మొత్తమే 25 పీసులైతే, అక్కడ 28 శాతం విఫలమైనట్టు. అందుకే లాట్ వారీగా, సైజు వారీగా లెక్క తీయాలి. ఒకే సైజు అన్ని డిజైన్లలోనూ తిరిగివస్తుంటే కటింగ్ ప్యాటర్న్ చూడాలి. ఒకే డిజైన్ అన్ని సైజుల్లోనూ తిరిగివస్తుంటే ఫొటోనో వివరణో తప్పు. ఒకే లాట్ తిరిగివస్తుంటే వస్త్రమో రంగో తప్పు.

ఒక లాట్ నుంచి ఒకే కారణంతో మూడో పీసు వచ్చిన రోజు దాని అమ్మకం ఆపేయాలి. మిగిలిన పీసులను ఉతికి, రుద్ది మళ్లీ పరీక్షించి, ఆ లాట్ కొన్నవారందరికీ ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా ఫోన్ చేసి విషయం చెప్పి, మార్చుకుంటారా వాపసు కావాలా అని అడగాలి. తిరిగివచ్చిన పీసుల్లో ఒకటి కత్తిరించి, లోపం కనిపించే ముక్కను మాస్టర్ వీవర్‌కో అద్దకంవారికో మీరే తీసుకెళ్లి ఇవ్వాలి. వాట్సాప్ ఫొటోలో పడుగు దారం తెగిందో జరిగిందో తెలియదు. కారణం తేలాక ఆ ముక్కను కూడా ఇద్దరి దగ్గరి అట్టల మీద "ఇది కుదరదు" వైపు అంటించి, తర్వాతి ఆర్డర్ కాగితంలో ఆ షరతును చేర్చాలి.